కురారే మందులో ఆదివాసులకు వాటా ఉండాలా?

హనుమకొండ పాఠకుడు: దక్షిణ అమెరికా వర్షారణ్యాల ఆదివాసులు ఒక పెద్ద తీగ బెరడును మరిగించి, బాణాలకు పూసే కురారే అనే విషాన్ని తయారు చేసేవారు. అందులోని ట్యూబోకురారిన్ తరువాత శస్త్రచికిత్సల్లో కండరాలను సడలించే మందు అయింది. ఆ లాభంలో వారికి వాటా ఉండవలసిందేనా?

వరంగల్ ఫార్మసీ అధ్యాపకుడు: అవసరం లేదని నా అభిప్రాయం. వేటగాళ్లకు తెలిసింది విషం. దాన్ని మందుగా మార్చింది ప్రయోగశాల. 1935లో లండన్‌లో హెరాల్డ్ కింగ్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ ఆల్కలాయిడ్‌ను, అంటే మొక్కల్లో పుట్టే ఆ రసాయనాన్ని, వేరుచేశారు. 1942లో మాంట్రియల్‌లో గ్రిఫిత్, జాన్సన్ అనే వైద్యులు మత్తుమందుతో పాటు కురారేను వాడి చూపారు. ఇది ఊపిరి పీల్చుకునే కండరాలను కూడా స్తంభింపజేస్తుంది కనుక మోతాదు, కృత్రిమ శ్వాస తెలిసినవారి చేతిలోనే అది ఔషధం. పైగా నేడు వాడే అట్రాక్యూరియం వంటి కండర సడలింపు మందులు కృత్రిమంగా తయారైనవే.

ములుగు ఉపాధ్యాయురాలు: అధ్యాపకుల వారు చెప్పిన సంవత్సరాలు సరైనవే, కానీ వాటి మధ్య జరిగినదాన్ని వదిలేశారు. కింగ్ పరీక్షించినది మ్యూజియంలోని పాత నమూనా. అది ఏ మొక్క నుంచి వచ్చిందో అప్పటికి తేలలేదు. రిచర్డ్ గిల్ అనే అమెరికన్ ఈక్వడార్ ఆదివాసుల వద్ద తయారీ నేర్చుకుని 1938లో కురారే సరుకును అమెరికాకు చేర్చిన తరువాతే, 1943లో, కాండ్రోడెండ్రాన్ టొమెంటోసమ్ అనే తీగ నుంచి ఆ పదార్థాన్ని వేరుచేయగలిగారు. ఈ విషంతో చచ్చిన జంతువు మాంసం తింటే ప్రమాదం లేదని కూడా వేటగాళ్లకు ముందే తెలుసు. ఆ అణువు పేగుల నుంచి రక్తంలోకి సరిగా చేరదన్న వివరణ శాస్త్రం తరువాత ఇచ్చింది. దీన్ని కేవలం విషం తెలియడం అనడం అన్యాయం.

మన దగ్గరా ఇదే చిక్కు ఉంది. జీవవైవిధ్య చట్టానికి 2023లో చేసిన సవరణ, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడేవారికి లాభాల పంపకం నుంచి మినహాయింపు ఇచ్చింది. తిప్పతీగ గుణాలు ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్నాయి కాబట్టి, ఏటూరునాగారం అడవుల్లో కోయలు తరతరాలుగా నోటిమాటగా నిలుపుకున్న ఎరుకకు లెక్క లేకుండా పోతుందని నా ఆందోళన.

వరంగల్ ఫార్మసీ అధ్యాపకుడు: మొక్కను గుర్తించడంలో వారి పాత్రను ఒప్పుకుంటున్నాను. అయితే గయానా వైపు తెగలు స్ట్రిక్నాస్ జాతి తీగలతో వేరే కురారే చేస్తారు. వాటా ఏ తెగకు ఇస్తారు?

ములుగు ఉపాధ్యాయురాలు: ట్యూబోకురారిన్ వచ్చింది స్ట్రిక్నాస్ నుంచి కాదు కనుక, ఆ తీగను వాడిన ప్రాంతం వారికే. ఫలానా సమూహమని తేలకపోతే సొమ్మును జీవవైవిధ్య నిధిలో జమ చేసే ఏర్పాటు మన చట్టంలోనే ఉంది; పంచడం కష్టమన్నది అసలే ఇవ్వకపోవడానికి కారణం కాలేదు.