పెళ్ళి సామెతలో పెంటకుప్ప: తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న (డిగ్రీ అధ్యాపకుడు):
మిత్రులకు నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు బోధిస్తాను. పెళ్ళి గురించి, జీవిత భాగస్వామిని ఎంచుకోవడం గురించి ఇంగ్లండులో తరతరాలుగా చెప్పుకున్న సామెతలను తెలుగులో పెట్టి విద్యార్థులకు చెబుతున్నాను. ‘తొందరపడి పెళ్ళాడితే తీరిగ్గా విచారించాలి’ అన్నది వారికి వెంటనే తలకెక్కింది. కానీ ‘మూర్ దాటి పెళ్ళాడటం కన్నా మిక్సెన్ దాటి పెళ్ళాడటం మేలు’ అన్నచోట ఆగిపోయాను. నిఘంటువు చూస్తే మిక్సెన్ అంటే పెంటకుప్ప అని ఉంది. ఇది పిల్లనిచ్చేవారి ఇంటిని కించపరచడమా? ఆ మాటను ఉంచాలా, ‘ఇరుగుపొరుగు’ అని మార్చాలా? మొదటి సామెతలో ‘తీరిగ్గా’ అన్న మాటకు అంత బరువు ఎలా వచ్చిందో కూడా తెలిసినవారు చెప్పగోరుతున్నాను.

జవాబు 1 (పాత పుస్తకాల పాఠకుడు):
కించపరచడం ఎంతమాత్రమూ కాదండి. ఇది చెషైర్ ప్రాంతపు సామెత. థామస్ ఫుల్లర్ ఇంగ్లండులోని ఒక్కో ప్రాంతపు విశేషాలను వివరిస్తూ రాయగా 1662లో అచ్చయిన గ్రంథంలో దీన్ని చెషైర్ కిందనే చేర్చి, అర్థం కూడా చెప్పారు. మంచి రైతు తన పెరట్లో ఎరువు కోసం పోగుచేసుకునే కుప్పే మిక్సెన్. దాన్ని దాటి వెళ్ళడమంటే పక్కింటికి వెళ్ళడమే. మూర్ అంటే స్టాఫర్డ్‌షైర్ వైపున్న బీడునేల. చెస్టర్ నుంచి లండన్ వెళ్ళే దారి దాని మీదుగా పోయేది. పిల్ల సొంత ప్రాంతానిదైతే ఆమె పుట్టుక, పెంపకం తెలిసి ఉంటాయనీ, తెచ్చే సొమ్ము కొంచెం తగ్గినా ఇలాంటి సంబంధాల వల్ల పాత కుటుంబాలు నిలుస్తాయనీ, వాటి మధ్య స్నేహం చెడదనీ ఆయన కారణాలు చూపారు. మన పెద్దలు మేనరికానికి చెప్పిన కారణాలు ఇంచుమించు ఇవే కదా! పెంటకుప్పను తీసేస్తే సామెతలోంచి ఆ రైతు ఇల్లే పోతుంది. దయచేసి ఉంచండి.

జవాబు 2 (న్యాయవాది):
‘తీరిగ్గా’ అన్న మాట బరువు చట్టంలో ఉంది. ఈ భావం అంతకుముందు నుంచే ఉన్నా, ఆంగ్ల నాటకకర్త విలియం కాంగ్రీవ్ తన 1693 నాటి నాటకంలో వాడిన తరువాత ఇప్పటి రూపానికి దగ్గరగా స్థిరపడింది. ఆ కాలపు ఇంగ్లండులో చర్చి న్యాయస్థానం భార్యాభర్తలను విడిగా ఉండనిచ్చేదే గాని మళ్ళీ పెళ్ళాడనిచ్చేది కాదు. పూర్తి విడాకులు కావాలంటే పార్లమెంటు చేత ప్రత్యేకంగా ఒక చట్టమే చేయించుకోవాలి, ఆ ఖర్చు సంపన్నులకు తప్ప తూగేది కాదు. 1857 చట్టంతో గాని విడాకులు మామూలు న్యాయస్థానానికి రాలేదు. అప్పుడు కూడా భర్త భార్య వ్యభిచారాన్ని రుజువు చేస్తే చాలు. భార్య మాత్రం భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వం వంటి మరో తప్పును కూడా చూపవలసి వచ్చేది. అందుచేత ఇక్కడ తీరిక అంటే మిగిలిన జీవితమంతా అని అర్థం. పిల్లలకు ఈ సంగతి చెప్పకపోతే అది ఉత్త హితవుగానే మిగిలిపోతుంది.

జవాబు 3 (విశ్రాంత ఉపాధ్యాయురాలు):
ఒక్క మాట చేరుస్తాను. జాన్ హేవుడ్ 1546లో ఇంగ్లీషు సామెతలను గుదిగుచ్చిన పద్యకృతికి పెళ్ళి సమస్యనే కథగా పెట్టుకున్నారు: డబ్బులేని పడుచును చేసుకోవాలా, డబ్బున్న వృద్ధ వితంతువునా అని ఒక యువకుడు సలహా అడగడమే ఆ కథ. పెళ్ళీ ఉరీ విధిరాతే అన్న సామెత కూడా అందులో ఉంది. గమనించండి, అడిగేది యువకుడే; ‘భార్యను కంటితో కాక చెవితో ఎంచుకో’ అన్న సామెత కూడా మగవాడికి చెప్పిందే. మన ‘తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను’ అన్నదీ అంతే. తరగతిలో ఆడపిల్లలు కూర్చుని వింటున్నప్పుడు ఈ విషయాన్ని దాటవేయకూడదని నా గట్టి అభిప్రాయం.

అధ్యాపకుడి తిరుగు జవాబు:
అందరికీ కృతజ్ఞతలు. ‘మూరు దాటిన మనువు కన్నా పెంట దాటిన మనువు మేలు’ అని బోర్డు మీద రాశాను. చివరి బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, “మా అక్కను మేనమామకే ఇచ్చారు సార్, రెండిళ్ళకూ మధ్య ఉన్నది పెంటకుప్పే” అంది. తరువాత కాసేపు ఆగి, “అక్కను మాత్రం ఎవరూ అడగలేదు సార్” అని కూర్చుంది. వచ్చే తరగతిని టీచర్ గారు చెప్పిన విషయంతోనే మొదలుపెడతాను.