పెరిగిన గృహరుణ వడ్డీ: పాత రుణం ఉన్నవారికి ప్రభుత్వ సాయం ఉందా?

ప్రశ్న (మధురవాడ)

అందరికీ నమస్కారం. 2021 ఆగస్టులో ఫ్లాట్ కోసం ఒక బ్యాంకులో 30 లక్షల రూపాయల రుణం, 7 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుతో తీసుకున్నాం. ఈఎంఐ 23,259 రూపాయలు. తర్వాత వడ్డీ 9.5 శాతానికి చేరినా ఈఎంఐ మారకపోవడంతో మాపై భారం పడలేదనే అనుకున్నాం. మొన్న వడ్డీ సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు, మా వారు రిటైరైన తర్వాత కూడా చాలా ఏళ్లు కట్టాల్సి ఉంటుందని తెలిసి గుండె ఆగినంత పనైంది. ఆయనది ఆటోనగర్‌లో ప్రైవేటు ఉద్యోగం, పింఛను లేదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన రాయితీ మాలాంటి వారికి వర్తిస్తుందా?

జవాబు (సీతమ్మధార)

అమ్మా, నేను బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఆవాస్ యోజన మీకు వర్తించదు. పాత పథకంలో మధ్యతరగతి వారి రాయితీ 2021 మార్చి 31తోనే ముగిసింది. పట్టణ ఆవాస్ యోజన 2.0లోని వడ్డీ రాయితీ 2024 సెప్టెంబరు 1 తర్వాత మంజూరై విడుదలైన రుణాలకే. వడ్డీ పెరిగిందన్న కారణంతో పాత రుణగ్రహీతకు ప్రభుత్వం నేరుగా డబ్బిచ్చే పథకం లేదు. ఆశపెట్టి దరఖాస్తు రుసుము అడిగేవారిని నమ్మవద్దు.

మీకు జరిగింది లెక్కలో చూడండి. మీ వడ్డీకి ఆధారమైన రెపో రేటు (రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకిచ్చే అప్పుపై వడ్డీ) 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు 4 శాతం నుంచి 6.50 శాతానికి పెరిగింది. అప్పటికి మీ అసలు సుమారు 29 లక్షలు ఉందనుకుంటే, 9.5 శాతం చొప్పున నెల వడ్డీయే 22,958 రూపాయలు; మీరు కట్టిన 23,259లో అసలుకు జమ అయ్యేది 301 రూపాయలు మాత్రమే. గడువు పెరిగిపోవడానికి కారణం ఇదే.

రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంత కొంత మార్చాలా అన్న ఎంపికను బ్యాంకు మీకివ్వాలి. ఆ ఎంపికను ఇప్పుడు రాతపూర్వకంగా అడగండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మీలా ఫ్లోటింగ్ వడ్డీ (ఎప్పటికప్పుడు మారే వడ్డీ) ఉన్న గృహరుణానికి వ్యక్తుల నుంచి ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదు కనుక, బోనస్ వచ్చినప్పుడల్లా అసలుకు జమ చేయండి.

జవాబు (గాజువాక)

పెద్దాయన చెప్పినదానికి నా అనుభవం కలుపుతాను. రెపో రేటు 2025 ఫిబ్రవరి నుంచి జూన్ వరకు 6.50 నుంచి 5.50 శాతానికి తగ్గింది కనుక, ఆ తగ్గింపు మీ ఖాతాలో ఎప్పుడు, ఎంత నమోదైందో ముందు చూడండి. నా విషయంలో తేడా స్ప్రెడ్‌లో, అంటే రెపో రేటుపై బ్యాంకు అదనంగా కలిపే శాతంలో, కనిపించింది: అదే బ్యాంకు కొత్తవారికి నాకంటే తక్కువకు ఇస్తోంది. లేఖ రాసి, మార్పు రుసుము కట్టి తగ్గించుకున్నాను. ఒప్పుకోకపోతే వేరే బ్యాంకుకు మార్చుకోవచ్చు, కాని ప్రాసెసింగ్, రిజిస్ట్రేషన్ ఖర్చులు పోను మిగిలేదెంతో లెక్క కట్టాకే కదలండి.

పన్ను సంగతి కూడా చూసుకోండి. పాత పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి రుణవడ్డీపై ఏడాదికి 2 లక్షల వరకే మినహాయింపు, కొత్త విధానంలో అదీ లేదు. మీరు ఏడాదికి కట్టిన వడ్డీ రెండున్నర లక్షలు దాటింది. వడ్డీ పెరిగిన కొద్దీ ఈ హద్దు పెరగకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. ప్రభుత్వాన్ని అడగవలసింది దీని గురించే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలండీ. ఈఎంఐ మూడు వేలు పెంచమని, స్ప్రెడ్ తగ్గించమని ఒకే లేఖలో రాసి సోమవారం ఇస్తాం. బ్యాంకు జవాబివ్వకపోతే ఏం చేయాలి?

జవాబు (సీతమ్మధార)

30 రోజులు చూడండి, అమ్మా. జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ముద్ర వేసిన ఆ లేఖ కాపీని జత చేయడం మరవకండి.