కోరాపుట్ చలి హోస్టాకు సరిపోతుందా? దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టాలా, ఆశ వదులుకోవాలా?

పనసనీడ (సెమిలిగుడ)

అందరికీ నమస్కారం. రెండేళ్ళ కిందట ఆన్‌లైన్‌లో ఒక కొండ ప్రాంతపు నర్సరీ నుంచి మూడు హోస్టా దుంపలు తెప్పించాను, ఆకుల అందం కోసం పెంచే మొక్క. పెరట్లో పనసచెట్టు కింద ఏదీ సరిగ్గా పెరగదు కదా, ఈ మొక్కకు నీడే ఇష్టమంటే సంబరపడ్డాను. మాది సముద్రమట్టానికి దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తు అని చెబితే, "మీది చల్లటి ఊరే, దివ్యంగా వస్తుంది" అన్నారు.

మొదటి ఏడు నిజంగానే దివ్యంగా వచ్చింది, ఆకులు టిఫిన్ ప్లేటంత. రెండో ఏటికి సాసరంత అయ్యాయి. ఈ ఏడు ఒక్కో దుంపకి రెండే పిలకలు, ఆకు తమలపాకంత. అమ్మినవాళ్ళకు ఫొటోలు పెడితే జవాబు లేదు. మూడింటిలో ఒకటి హాల్సియన్ రకం, ఒకటి పేట్రియట్ రకం. మూడోది పేరు చీటీ లేకుండా వచ్చింది. దానికి ఆగస్టులో తెల్లటి పూలు పూశాయి, సాయంత్రం విచ్చుకుని మంచి వాసన వేశాయి. మిగతా రెండిటికంటే అదే కాస్త నిలదొక్కుకుంది.

ఇప్పుడు నవంబరు, ఆకులు పండుతున్నాయి. చలికాలం దుంపలు ఫ్రిజ్‌లో పెట్టాలని ఎవరో రాయగా చదివాను. మా అత్తగారికి చెబితే "ఇడ్లీ పిండి పక్కన మట్టి దుంపలేటి?" అన్నారు. పిలకలు విడదీసి వేరే చోట పెడితే బతుకుతాయా? నత్తల సంగతి వేరే. తెలిసినవాళ్ళు చెప్పండి.

చలిదేశం (సొంతూరు పర్లాకిమిడి, ఇప్పుడు మిషిగన్)

అక్కా, మీ మొక్కకు జబ్బేమీ లేదు, నిద్ర చాలడం లేదు. హోస్టాల పుట్టిల్లు జపాన్, కొరియా, చైనా. అక్కడ చలికాలం ఆకంతా రాలిపోయి దుంప నేలలో పడుకుంటుంది. ఐదు డిగ్రీల లోపు చలి కనీసం ఆరు వారాలు తగిలితేనే లోపలి మొలకలు బలంగా లేస్తాయని ఇక్కడ పెంచేవాళ్ళు చెప్పే లెక్క. మా ఇంటి దగ్గర నేల నెలల తరబడి గడ్డకట్టి ఉంటుంది. నేను కత్తెర కూడా ముట్టుకోను, మేలో బాణాల్లా పైకి వస్తాయి.

మీ ఊళ్ళో జనవరి రాత్రి ఎంత వణికినా మర్నాడు పదకొండింటికి స్వెట్టరు తీసేస్తారు. మనిషికి అది చలే, దుంపకు మాత్రం కునుకు పట్టేలోపే తెల్లవారిపోయినట్టు. మొదటి ఏడు బాగా రావడం వింతేమీ కాదు, కొండ మీద పడిన చలిని ఒంట్లో పెట్టుకుని మీ ఇంటికి వచ్చింది. ఆ తర్వాత ఏటేటా అప్పు చేసి బతుకుతోంది.

నా ఓటు ఫ్రిజ్‌కే. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి.

గుణుపురం మాస్టారు

నాకు ఈ వేలంవెర్రి అర్థం కాదమ్మా. పుట్టిన చోట మంచు కావలసిన మొక్కను తెచ్చి, మన ఇంట్లో కరెంటు ఖర్చుపెట్టి, కూరగాయల అరలో జోకొట్టి పెంచాలా? అది తోటపనా, ఐసీయూనా?

మన కొండల్లోనే నీడలో నేలకు పరుచుకునే ఆకులు ఎన్ని లేవు! కొండకలువ చూశారా? పసుపు, అల్లం కుటుంబానిది. వెడల్పాటి ఆకు, కొన్ని రకాలకు ఆకు మీద వెండి, ముదురాకుపచ్చ చారలు. అమెరికా దక్షిణాదిన, హోస్టా బతకని వేడి ఊళ్ళలో, ఈ జాతి మొక్కల్నే 'దక్షిణాది హోస్టా' అని పెంచుకుంటారు. వాళ్ళేమో మన మొక్క కోసం తాపత్రయపడతారు, మనమేమో వాళ్ళ మొక్క కోసం.

బరంపురం మేడమీద

మాస్టారి మాటకు నా జేబు సాక్ష్యం. నేను మూడుసార్లు కొన్నాను. బరంపురంలో సముద్రపు గాలి, ఉక్క. షేడ్ నెట్ కింద పెట్టినా మేలో ఆకు అంచులు పేపరు కాలినట్టు కాలిపోయాయి. ఫ్రిజ్ కూడా అయింది. పండుగకని అరటిపండ్లు, యాపిల్స్ అదే అరలో సర్దారు. బయటికి తీస్తే మొలకలు నల్లబడి మెత్తగా ఉన్నాయి. ఇక చాలు. ఇప్పుడు అగ్లోనీమా అనే ఆకుల మొక్కలు పెట్టుకుని హాయిగా ఉన్నాను.

చలిదేశం

అన్నయ్యా, పోయింది ఆ పండ్ల వల్లే అయుంటుంది. పండే పండు నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, పచ్చి మామిడికాయల్ని పండబెట్టేది అదే. నిద్రలో ఉన్న మొలకను అది చంపేయగలదు. హోస్టా ఉన్న అరలో పండ్లు పెట్టకూడదు.

పద్ధతి ఇది. ఆకు పూర్తిగా పండేవరకు కోయొద్దు, అందులోని సత్తువ వేళ్ళలోకి దిగాలి. ఈలోగా నీళ్ళు తగ్గిస్తూ రండి. తర్వాత తవ్వి, మట్టి కడిగి, ఒక పూట నీడలో ఆరబెట్టండి. పిడికిట్లో పిండితే చుక్క కారనంత తడి కోకోపీట్‌లో (కొబ్బరి పొట్టులో) చుట్టి, చిల్లులు పెట్టిన కవర్లో వేసి కింది అరలో పెట్టండి. నాలుగు డిగ్రీలు చాలు, ఫ్రీజర్ వద్దు. ఎనిమిది నుంచి పది వారాలు. పదిహేను రోజులకోసారి తీసి చూడండి, బూజు కనిపిస్తే ఆ ముక్క గీకేయండి.

మాస్టారూ, ఐసీయూ మాట బాగుంది. కానీ మీ ఇంట్లో గులాబీకి మందు కొట్టరా?

గుణుపురం మాస్టారు

కొడతాను. గులాబీ వానలో బతుకుతుంది, వేసవిలో బతుకుతుంది. తెగులు వస్తే మందు. దీనికి తెగులు లేకపోయినా వైద్యమే.

నేను చెప్పేది కరెంటు బిల్లు గురించి కాదు, క్యాలెండరు గురించి. డిసెంబరులో లోపల పెడితే ఫిబ్రవరిలో తీస్తారు. మార్చిలో ఆకు విప్పుతుంది, అప్పటికి మనకు ఎండలు మొదలు. లేత ఆకు ఏప్రిల్, మే నెలల్లో ఎండిపోయే గాలి తట్టుకోవాలి. అది దాటేసరికి జూన్‌లో వాన, ఆగకుండా సెప్టెంబరు దాకా. అప్పుడు మొదలు కుళ్ళుతుంది. కొండకలువను చూడండి. ఆకు పడేసి ఎండు నెలలన్నీ మట్టిలో పడుకుంటుంది, తొలకరి చినుకుకు లేస్తుంది. మన రుతువును బట్టి పుట్టిన మొక్క అది. హోస్టాకు మన సంక్రాంతీ తెలియదు, మృగశిరా తెలియదు.

జయపురం నర్సరీ

మాస్టారు చెప్పిన కుళ్ళు గురించి ఒక మాట. నేను హోస్టాలు అమ్మను, కానీ ఒకాయన జబ్బు పడ్డ మొక్కను మా దగ్గరికి తెచ్చారు. ఆకు పచ్చగానే ఉంది, పట్టుకుని లాగితే కాడ మొదట్లో ఊడి చేతికి వచ్చింది. మొదలు చుట్టూ తెల్లటి దూది, దాని మీద ఆవగింజల్లా గోధుమరంగు గుండ్లు. వేరుశనగ వేసినవాళ్ళకు కొత్తేమీ కాదు, కాండం కుళ్ళు తెచ్చే స్క్లెరోషియం బూజే. వేడి, తేమ కలిస్తే రెచ్చిపోతుంది. ఆ గుండ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి కాబట్టి కుళ్ళిన మొక్క ఉన్న చోటే కొత్తది పెట్టకండి.

మొదలు చుట్టూ పచ్చి గత్తం, పనసాకులు కుప్పగా పోయకండి. దుంప తలకాయ మట్టికి సమంగా ఉండాలి, లోతుగా పూడ్చకూడదు. మాగిన ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు కలిపి వేయొచ్చు, అయితే అది కుళ్ళు రాకముందు వాడే మందు.

ఇంకోటి, పనస కింద నేల నీడగా ఉన్నా పొడిగా ఉంటుంది, చెట్టు వేళ్ళు నీళ్ళన్నీ పీల్చేస్తాయి. పెద్ద కుండీలో పెట్టి, కుండీని సగం వరకు నేలలో పాతండి. తవ్వి తీయడం కూడా సులువు. పందికొక్కుల బెడద ఉంటే అది కూడా తగ్గుతుంది.

పనసనీడ

తమ్ముడూ, లోతుగా పూడ్చడం, పనసాకు కుప్ప, రెండూ నేను చేసిన పనులే. హాల్సియన్ నీలం ఆకు ఆషాఢం వచ్చేసరికి మామూలు ఆకుపచ్చ అయిపోయింది, అది కూడా కుళ్ళేనా?

చలిదేశం

కాదక్కా. ఆ నీలం రంగు ఆకు మీద ఉండే మైనపు పొర. ద్రాక్షపండు మీద బూడిద ఉంటుంది చూడండి, అలాంటిది. ఎండకు, వానకు పోతుంది. ఇక్కడ కూడా ఆగస్టుకు పోతుంది.

పిలకలు మాత్రం ఇప్పుడు ముట్టుకోకండి. రెండే ఉన్న దుంపను రెండు చేస్తే రెండూ పోతాయి.

గుణుపురం మాస్టారు

అక్కడే నాకు అనుమానం. పసుపు కొమ్ము విరిచి పెడితే ముక్కకో మొక్క. దీనికి ఎందుకు కుదరదు?

చలిదేశం

పసుపు కొమ్ము తిండి మూట కట్టుకుని ఉంటుంది మాస్టారూ. హోస్టా మొదలు చిన్నది, తిండంతా దాని తాళ్ళలాంటి వేళ్ళలో. వేళ్ళు తెగితే మూట పోయినట్టే. గుబురు మూడు నాలుగేళ్ళది అయి, మొలకలు ముక్కులు బయటపెట్టిన సమయంలో మొత్తం పెకలించి, ఒక్కో ముక్కకు రెండు మూడు మొలకలు, వాటి వేళ్ళు ఉండేలా కోస్తాం.

కత్తి విషయంలో జాగ్రత్త. హోస్టా వైరస్ ఎక్స్ అని ఒకటుంది, 1996లో మిన్నెసోటాలో గుర్తించారు. మొక్క రసం అంటిన కత్తి నుంచి ఇంకో మొక్కకు ఎక్కుతుంది. ఈనెల వెంట సిరా ఒలికినట్టు మరకలు, ఆకు అక్కడక్కడ ముడతలు. మందు లేదు, మొక్కను తీసి పారేయడమే. పాపం కొన్నాళ్ళు ఆ మరకలు అందంగా ఉన్నాయని, కొత్త రకమనుకుని అమ్మారు కూడా. ఒక గుబురు కోశాక కత్తిని సబ్బుతో తోమి, బ్లీచింగ్ నీళ్ళలో ముంచాకే ఇంకోటి కోయండి.

జయపురం నర్సరీ

నత్తల గురించి ఎవరూ చెప్పలేదు. పిడికెడంత ఉండే ఆఫ్రికా నత్తలైతే ఉప్పు చల్లడం మానేయండి, నత్తతోపాటు మట్టీ పాడవుతుంది. ఇవి మనవి కావు. 1847లో ఒక ఇంగ్లీషు దొర కలకత్తాకు తెచ్చి తోటలో వదిలాడట, ఆ సంతానమే ఇది. నత్తల్ని చంపే మెటాల్డిహైడ్ గుళికలు రెండున్నర శాతంవి దొరుకుతాయి. సాయంత్రం వేస్తే పొద్దున్నకు లెక్కపెట్టుకోవచ్చు.

బరంపురం మేడమీద

గుళికలు వద్దే వద్దు. వాటిలో కలిపే తవుడు వాసనకు మా పక్కింటి కుక్క తిని మూర్ఛలు పోయింది. డాక్టరు దగ్గరికి పరిగెత్తాం, అదృష్టం బాగుండి బతికింది. కుక్క, కోళ్ళు ఉన్న ఇంట్లో అది విషమే.

జయపురం నర్సరీ

సరే సర్, పిల్లలూ జంతువులూ ఉంటే నేనూ చెప్పను. అయితే చేత్తో ఏరాలి. తడి గోనెసంచి పరిచి, కింద బొప్పాయి ఆకులు, క్యాబేజీ ముక్కలు పెట్టండి. రాత్రి టార్చి వేసుకుని వెళ్తే సంచి కింద గుంపుగా ఉంటాయి. గ్లౌజులు తప్పనిసరి, వాటిలో మనిషి మెదడుకు జబ్బు తెచ్చే పురుగులుంటాయి. ఉప్పునీళ్ళ బకెట్లో వేసి, తర్వాత గుంత తీసి పాతేయండి. వానాకాలం వారం రోజులు చేస్తే తేడా తెలుస్తుంది. పనసాకు కుప్ప తీసేస్తే సగం పని అయినట్టే, పగలు అవి దాక్కునేది అక్కడే.

గుణుపురం మాస్టారు

చలి ఇవ్వాలి, పండ్లు తీసేయాలి, కత్తి కడగాలి, రాత్రి టార్చి పట్టుకోవాలి. ఇంతాచేసి ఆకు. పోనీ తినడానికైనా పనికొస్తుందా?

చలిదేశం

వస్తుంది మాస్టారూ! జపాన్‌లో లేత మొలకల్ని 'ఉరుయి' అని కూర వండుకుంటారు. కుక్కలకు, పిల్లులకు మాత్రం పడదు, వాంతులవుతాయి. కుంకుడుకాయలో నురగ వచ్చే సపోనిన్లే ఇందులోనూ ఉన్నాయి.

ఒక ముఖ్యమైన సంగతి మరిచాను. అక్కా, చీటీ లేని మూడోది ప్లాంటాజీనియా అనే హోస్టా జాతి గానీ దాని సంతానం గానీ అయుండాలి. తెల్లపువ్వు, సాయంత్రం విచ్చుకోవడం, వాసన, మూడూ దాని గుర్తులే. చైనాలో దాన్ని పచ్చరాతి జడపిన్ను అంటారు, మొగ్గ అలాగే ఉంటుంది. దక్షిణ చైనా దాకా ఉండే జాతి కాబట్టి హోస్టాలన్నిటిలో వేడికి ఓర్చుకునేది, తక్కువ చలితో సరిపెట్టుకునేది అదే. రాయల్ స్టాండర్డ్, గ్వాకమోలి లాంటివి దాని వంశమే. మీ ఊళ్ళో బయట బతకగలిగేది ఏదైనా ఉంటే అదొక్కటే.

గుణుపురం మాస్టారు

ఇది ముందే చెప్పి ఉంటే ఇంత వాదించేవాణ్ణి కాదు. నా అభ్యంతరం మొక్క మీద కాదు, మొక్కను దాని స్వభావానికి విరుద్ధంగా సాగదీయడం మీద. ఆ జడపిన్నును ఉంచుకోండమ్మా. సాయంత్రం విచ్చే తెల్లపువ్వంటే మాకూ చంద్రకాంతల కాలం నుంచి బలహీనతే. మిగతా రెండూ పోతే ఆ చోట కొండకలువ వేయండి, దుంపలు నేను పంపుతాను.

బరంపురం మేడమీద

మాస్టారూ, నాకు కూడా రెండు.

పనసనీడ

అందరికీ ధన్యవాదాలు. నా నిర్ణయం చెబుతాను, తిట్టకండి. చీటీ లేనిది పనస కింద నుంచి తీసి, ఉత్తరం గోడ పక్కన కుండీలో పెట్టాను, రాత్రి చలి అక్కడే ఎక్కువ తగులుతుంది. చలికాలం దానికి నీళ్ళు చెమ్మకు సరిపడా మాత్రమే పోస్తాను. హాల్సియన్, పేట్రియట్ కడిగి ఆరబెట్టాను. పేట్రియట్ మొదట్లో మెత్తగా ఒక చోట తగిలింది, గీకాను, కింద తెల్లగానే ఉంది. ఆవగింజలు కనబడలేదు.

ఫ్రిజ్ కింది అర మా అత్తగారు ఇచ్చారు. ఒకటే షరతు, కవరు మీద పెద్ద అక్షరాలతో రాయమన్నారు. కిందటేడాది నేను దాచిన గ్లాడియోలస్ దుంపల్ని ఉల్లిపాయలనుకుని ఆవిడ ఉప్మాలోకి తరగబోయారు మరి. మాస్టారూ, కొండకలువ దుంపలు తొలకరికి ముందు పంపితే చాలు. ఫిబ్రవరిలో కవరు విప్పాక ఏం కనిపించిందో ఇక్కడే రాస్తాను.