లేజర్‌తో నింపిన బ్లేడ్ టిప్‌లో పగుళ్లు: ఫెటీగా, వెల్డింగ్ లోపమా?

రిపేర్_బెంచ్:
అందరికీ నమస్కారం. గ్యాస్ టర్బైన్ బ్లేడ్ల టిప్ అరిగిపోతే లేజర్ డీఈడీతో (లోహపు పొడిని లేజర్‌తో కరిగిస్తూ) పొర మీద పొర వేసి నింపి, మళ్లీ సైజుకి గ్రైండ్ చేసే పని మాది. బ్లేడ్ ఇన్‌కొనెల్ 738 (నికెల్ అలాయ్), నింపే పౌడర్ ఇన్‌కొనెల్ 625. స్ట్రెస్ రిలీఫ్ (లోపలి ఒత్తిడి పోయేలా వేడి చేయడం), గ్రైండింగ్, చివర్లో ఫ్లోరోసెంట్ పెనెట్రెంట్ టెస్ట్ (పగుళ్లలోకి దిగి మెరిసే ద్రవంతో చేసే పరీక్ష), అన్నీ పాసయ్యాకే పంపాం. ఇప్పుడు ఓవర్‌హాల్‌కి తిరిగొచ్చిన వాటిలో కొన్నింటికి టిప్ దగ్గర నిలువు పగుళ్లు. స్టార్ట్-స్టాప్‌లు ఎక్కువ కాబట్టి థర్మల్ ఫెటీగే (పదేపదే వేడెక్కి చల్లారడం వల్ల లోహం అలసి చీలడం) అని యూనిట్ నడిపేవాళ్లు తేల్చేశారు, మా మేనేజరేమో లేజర్ పవర్ తగ్గించమంటున్నారు. నాకు రెండూ మింగుడు పడట్లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పగులు_ముఖం:
పవర్ జోలికి ఇప్పుడే పోకండి. ముందు ఒక పగులుని విరిచి తెరిచి, ఆ ముఖాన్ని ఎస్‌ఈఎమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చూడండి. మొదలైన చోట నున్నగా, గుబ్బలు గుబ్బలుగా డెండ్రైట్ల (గడ్డకట్టేటప్పుడు కొమ్మల్లా పెరిగే స్ఫటికాల) తలలు కనిపిస్తే లోహం ఇంకా పూర్తిగా గడ్డకట్టకముందే అక్కడ చీలిందన్నమాట, అంటే అది మీ మెషిన్ మీద పుట్టిన పగులే. దాన్ని దాటాక సన్నటి సమాంతర గీతలు (స్ట్రైయేషన్లు) మొదలైతే ఫెటీగ్ దాన్ని పెంచింది తప్ప పుట్టించలేదు. చిక్కేంటంటే, అంత వేడిలో తిరిగిన ముఖం మీద ఆక్సైడ్ పట్టేసి గీతలు కనపడకపోవచ్చు. అలాగైతే పైకి బాగానే ఉన్న ఇంకో టిప్‌ని అడ్డంగా కోసి, పాలిష్ చేసి, ఎచ్ చేయండి (రసాయనంతో పైపొరని కొద్దిగా తినిపించండి). డిపాజిట్ కిందే, బేస్ మెటల్ వైపు, గ్రెయిన్ బౌండరీల (లోహపు స్ఫటికాల మధ్య అంచుల) వెంట వెంట్రుకవాసి చీలికలుంటే అది లిక్వేషన్ క్రాకింగ్, అంటే ఆ అంచులు ముందే కరిగి విడిపోవడం.

గామాప్రైమ్:
738 అంటేనే నాకు భయం. అల్యూమినియం, టైటానియం కలిపి 6.8 శాతం దాకా ఉంటాయి, అదే ఇన్‌కొనెల్ 718లో ఆ రెండూ కలిపినా 1.5 శాతం దరిదాపుల్లోనే. ఆ రెండూ నికెల్‌తో కలిసి గామా ప్రైమ్ అనే సన్నటి రేణువులవుతాయి, వేడిలో బలం ఇచ్చేదీ వెల్డింగ్‌లో కొంప ముంచేదీ ఆ గామా ప్రైమే. లేజర్ వేడి అంత వేగంగా ఎక్కేసరికి గామా ప్రైమ్ నెమ్మదిగా కరిగి కలిసిపోయే టైమ్ ఉండదు, దాని అంచుల్లో, కార్బైడ్ల చుట్టూ, అలాయ్ మొత్తం కరిగే వేడి కంటే ముందే పల్చటి ద్రవం ఏర్పడుతుంది, చల్లబడుతూ లోహం కుంచించుకునేటప్పుడు ఆ పొరే విడిపోతుంది. అక్కడ తప్పించుకున్నా కొలిమిలో ఇంకో గండం ఉంది. స్ట్రెస్ రిలీఫ్ అని నింపాదిగా వేడి చేస్తే 700-900 డిగ్రీల మధ్య గామా ప్రైమ్ మళ్లీ పుట్టి లోహం బిగుసుకుపోతుంది, లోపలి ఒత్తిడి మాత్రం అప్పటికింకా అలాగే ఉంటుంది, దాంతో చీలుతుంది. అందుకే ఆ రేంజ్‌ని వీలైనంత త్వరగా దాటించాలి, వెల్డింగ్‌కి ముందే బ్లేడ్‌ని ఓవర్‌ఏజ్ చేసి (వేడిలో ఉంచి గామా ప్రైమ్ రేణువుల్ని పెద్దవి కానిచ్చి) మెత్తబరచాలి. ఇక మీ మేనేజర్ గారి ఐడియా: వేడి తగ్గించడం దిశగా సరైనదే, కానీ మరీ తగ్గిస్తే పొరల మధ్య సరిగ్గా కరగక పదునైన అంచులున్న ఖాళీలు మిగులుతాయి. గుండ్రటి గ్యాస్ రంధ్రం కంటే ఫెటీగ్‌కి అవే ఎక్కువ ప్రమాదం.

హాట్_సెక్షన్:
అందరూ వెల్డింగ్ మీదే పడ్డారు, ఆ థర్మల్ ఫెటీగ్ మాటని కొట్టిపారేయకండి. స్టార్ట్ చేసినప్పుడు పల్చటి టిప్ ముందు వేడెక్కి వ్యాకోచించబోతుంది, ఇంకా చల్లగా ఉన్న మిగతా భాగం దాన్ని పట్టి ఉంచడంతో టిప్ నొక్కుకుపోయి కొద్దిగా శాశ్వతంగా కుదించుకుపోతుంది, చల్లారాక అక్కడే లాగుడు మిగులుతుంది. ప్రతి స్టార్ట్-స్టాప్‌కీ ఇదే తంతు. పైగా 625కి గామా ప్రైమ్ బలం లేదు, ఆ వేడిలో 738 కంటే ముందే లొంగిపోతుంది. అదే రోటర్‌లో రిపేర్ చేయని బ్లేడ్లు ఉంటే వాటి టిప్‌లు కూడా చూడండి. వాటికీ అంతే పొడవు పగుళ్లుంటే రిపేర్‌ని తిట్టి లాభం లేదు.

రిపేర్_బెంచ్:
టిప్ కోసి చూశాం. చీలికలు బేస్ మెటల్ వైపే, గ్రెయిన్ బౌండరీల మీదే ఉన్నాయి. రిపేర్ చేయని బ్లేడ్లకి పగుళ్లు లేవు. మరి పెనెట్రెంట్‌లో ఎందుకు దొరకలేదు? హిప్ (ఆర్గాన్ గ్యాస్ అధిక ఒత్తిడిలో వేడి చేయడం) చేయిస్తే మూసుకుపోతాయా?

పగులు_ముఖం:
గ్రైండింగ్ వల్లే అయ్యుండొచ్చు. గ్రైండ్ చేసినప్పుడు పైపొర లోహం పాకి చీలిక నోరు మూసేస్తుంది, పెనెట్రెంట్ లోపలికి దిగదు. టెస్ట్‌కి ముందు తేలిగ్గా ఎచ్ చేసి ఆ పొర తీసేయాలి, అయినా లోపలే మూసుకుని ఉన్నవి పెనెట్రెంట్‌కి ఎలాగూ దొరకవు. హిప్ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది: లోపల మూసుకుని ఉన్నవాటిని అది కలిపేస్తుంది, బయటికి తెరుచుకున్న పగుల్లోకి మాత్రం ఆర్గాన్ దూరిపోతుంది, లోపలా బయటా ఒకటే ఒత్తిడి ఉంటే మూసుకునేదేముంది? కాబట్టి ముందు చీలికలు పుట్టకుండా చూడండి, హిప్ ఖర్చు గురించి తర్వాత ఆలోచించొచ్చు. కొత్త సెట్టింగ్‌తో టెస్ట్ ముక్క వేసినప్పుడు హీట్ ట్రీట్‌మెంట్‌కి ముందొకటి, తర్వాతొకటి కోసి చూస్తే చీలేది లేజర్ కిందో కొలిమిలోనో తేలిపోతుంది.