కుశాలు, కుశలం ఒక్కటేనా?

మాది నల్లగొండ దగ్గర. మా దిక్కు పిల్లకు పెండ్లి ఖాయమైతే, పంట మంచిగొస్తే ‘ఇల్లంత కుశాలు కుశాలుగున్నది’ అంటరు. సంస్కృతం ‘కుశలం’ మన నోట్లె నలిగి కుశాలు అయిందని ఒక సారు చెప్పిండు. నిజమేనా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

— కాదు తమ్మీ. రెండు మాటలు వినడానికే దగ్గర, చుట్టరికం లేదు.

కుశలం అంటే మొదలు నేర్పు. కుశ గడ్డి అంచు కత్తి లెక్క ఉంటది. చెయ్యి తెగకుండ కోసుకొచ్చేటోడు కుశలుడని పాతోళ్లు చెప్పిన వ్యుత్పత్తి. గీతల ‘యోగః కర్మసు కౌశలమ్’ అన్నకాడ ఉన్నది ఆ నేర్పే. తర్వాత క్షేమం అనే అర్థంల ‘ఉభయకుశలోపరి’ అని ఉత్తరాలకెక్కింది. ఎగిరి గంతేసే సంబురం దాంట్ల లేదు.

కుశాలు ఫార్సీ నుంచి ఉర్దూ మీదికెల్లి వచ్చింది. ఖుష్ అంటే సంతోషమైన, హాల్ అంటే స్థితి (హాల్ అసలు అరబ్బీది, ఫార్సీల కలిసిపోయింది). ఖుష్‌హాల్‌ల హకారం జారి ఖుషాల్ అయింది. ‘ఖ’ ఒత్తు పోయి, ‘ష’ మెత్తబడి, చివర మన ఉకారం చేరి కుశాలు. ‘శా’కు దీర్ఘం ఏడికెల్లి వచ్చిందో చూడు, అది హాల్‌ది. కుశలానికి ఆ దీర్ఘం పుట్టే దారే లేదు. ‘పని చేసి చేసి బేహాలైన’ అంటం గద, అండ్ల ఉన్నది గూడ ఈ హాలే. నిజాం సర్కారు కచేరీలల్ల మొదలు ఫార్సీ, తర్వాత ఉర్దూ నడిచినయి. అట్లాంటి మాటలు ఊర్లళ్లకు రాకుండ ఎట్లుంటయి?

— అన్నా, మాది అచ్చంపేట దిక్కు. మరి పహాణీల (భూమి లెక్కల కాయిదంల) ‘ఖుష్కి’ అని రాస్తరు, అది గూడ ఈ ఖుషేనా?

— అది వేరే. ఖుష్క్ అంటే ఎండినది. నీళ్లు పారేది తరి, వాన మీద ఆధారపడ్డ చెలక ఖుష్కి. పాలమూరు ఖుష్కిల ఖుషీ వెతికితే వానదేవుడే నవ్వుతడు.

ఇంకోటి. ‘మస్తు కుశాలైంది’ అంటం చూడు, ఆ మస్తు గూడ ఫార్సీదే. మస్త్ అంటే మత్తెక్కినోడు. మనకాడికొచ్చినంక మత్తు దిగి ‘శానా’ అయి కూసున్నది. ‘మస్తు మజ్జిగ తాగిండు’ అన్నా ఎవ్వరూ అనుమానపడరు.