వంట కత్తులు బస్సులో తీసుకెళ్లవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు, పెళ్లి వంటలు చేస్తాను. ఆదివారం విజయవాడ వన్‌టౌన్‌లో పని ఉంది. సంచిలో కత్తిపీటలు, 10 అంగుళాల మాంసం కత్తి ఉంటాయి. పోలీసులు ఆపితే కేసు పెడతారా? నా దగ్గర పనిచేసే కుర్రాళ్లు భయపడుతున్నారు, వాళ్లకు ఏ ఇబ్బందీ రాకూడదు.

జవాబు: 1959 నాటి ఆయుధాల చట్టం కేంద్రానిది. 2016 నిబంధనల ప్రకారం 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాలే. కానీ ఇంటి పనికి, సేద్యానికి, పరిశ్రమకు తయారైనవి అందులోకి రావు. మీది వంట పనిముట్టు.

మరో జవాబు: అయినా బయటికి కనిపించేలా పట్టుకోకండి బాబాయి గారూ. గుడ్డ చుట్టి గరిటెలతో పాటు పెట్టెలో సర్దండి. ఊళ్లో నిషేధాజ్ఞలు ఉంటే ముందే పోలీస్ స్టేషన్‌లో అడగండి.

ప్రశ్న అడిగినవారు: పెళ్లివారి శుభలేఖ కూడా పెట్టెలోనే ఉంచుతాను.