పండ్ల ఈగల ప్రణయాన్ని మార్చేది ఊబకాయమా, దానితో ముడిపడిన జన్యువా?

జీవశాస్త్ర విద్యార్థి:
మనుషుల్లో ఊబకాయంతో సంబంధమున్నట్టు తేలిన టీఎఫ్‌ఏపీ2బీ, కేసీటీడీ15 జన్యువులకు సాటివచ్చేవి డ్రోసోఫిలా అనే పండ్ల ఈగలోనూ ఉన్నాయనీ, అవి మగ ఈగల ప్రవర్తనను మారుస్తాయనీ స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రకటించారు. అయితే ఒళ్లు పెరిగిన ఈగ జతకట్టే తీరు మారుతుందని దీన్నిబట్టి చెప్పవచ్చా?

ఈగలసీసా:
చెప్పలేమండి. ఆ రెండు జన్యువులు కలిసి ఆక్టోపమైన్ తయారీకీ, విడుదలకూ కావలసిన జన్యువులను అదుపు చేస్తాయని అందులో తేలింది. ఆక్టోపమైన్ అంటే మన ఒంటిని అప్రమత్తం చేసే నార్‌అడ్రినలిన్ లాంటి పనులు ఈగలో చేసే రసాయనం. మగ ఈగల పోట్లాటా, ప్రణయ ప్రవర్తనా రెండూ దానిమీద ఆధారపడి ఉంటాయి. అది బొత్తిగా లేని మగ ఈగలు తోటి మగవాటి వెంట మామూలుకన్నా ఎక్కువగా పడతాయని 2007లోనే గమనించారు. అంటే ఇక్కడ మార్పు వస్తున్నది నాడీకణాల్లో. ఈగ లావెక్కిందా లేదా అన్నది వేరే సంగతి. ఒకే జన్యువు రెండుచోట్ల రెండు పనులు చేసినంత మాత్రాన ఒక పని రెండోదానికి కారణం కాదు. మన వాదనల్లో తరచుగా దొర్లే పొరపాటు ఇదే.

తూనికరాయి:
ఈగలసీసా గారు కొవ్వును మరీ తేలిగ్గా పక్కకు నెట్టారు. వారు చెప్పిన పరిశోధనలోనే ఆక్టోపమైన్ పోట్లాటను నడిపించేది డ్రోసల్ఫాకినిన్ ద్వారా అని ఉంది, అది కడుపు నిండిందని తెలిపే హార్మోను. ఆకలికీ కయ్యానికీ ఒకటే తీగ అయినప్పుడు వాటిని విడదీయడం ఎలా? పైగా ఇన్సులిన్ సంకేతాలు పెరిగితే ఈగ ఆకర్షణ పెరుగుతుందనీ, తగ్గితే తగ్గుతుందనీ 2012లోనూ, కొవ్వు ఎక్కువగా ఉన్న మేత ఈగల ఆకర్షణను తగ్గించి ఒంటి పైపూత వాసనలను మారుస్తుందని 2017లోనూ నిరూపించారు. (ఇలాంటి మేతలో కలిపేది చాలాసార్లు మన కొబ్బరినూనే!)

ఈగలసీసా:
ఆ రెండు ఫలితాలనూ ఒప్పుకుంటాను. కానీ అవి ఎదుటి ఈగకు తాను ఎలా కనిపిస్తుంది, ఎలా వాసన వేస్తుంది అన్నదాని గురించినవి. 2014 నాటిది మగ ఈగ స్వయంగా ఏం చేస్తుందన్నదాని గురించినది. విద్యార్థి గారి ప్రశ్నలో ఈ రెండూ కలిసిపోయాయి. మీ మాట నెగ్గాలంటే ఆ జన్యువులను కొవ్వు కణజాలంలో మాత్రమే పనిచేయకుండా అణచి, నాడీకణాల్లో తాకకుండా వదిలి, అప్పుడు మగ ఈగ రెక్క కంపించి పాడే పాటలో తేడా వస్తుందేమో చూడాలి.

తూనికరాయి:
ఆ పరీక్షకు సమ్మతమే. అయితే తిరుగుపరీక్ష కూడా ఉండాలి: జన్యువులను ముట్టకుండా, మేతతో మాత్రమే లావెక్కించిన మగ ఈగలనూ అదే విధంగా పరీక్షించి చూడాలి.